గుర్రం చెవులు

కీసర దగ్గర గుర్రాలకు శిక్షణ ఇచ్చే చోట రోజంతా ఫొటోలు తీసి, ఉప్పల్ బస్సులో కూర్చుని వాటిని కెమెరాలో చూసుకుంటున్నాను. పక్క సీటు పెద్దాయన తొంగిచూశాడు. నాచారంలో ఉంటాడట, నలభై ఏళ్లు గుర్రాలను సాకాడట.

"ఫొటోలు మస్తున్నయి గని, చెవులు సూడు. అన్నీ ఎనక్కే ఉన్నయి. బెదిరినయి. పలకరియ్యకుండనే కెమెరా ఎత్తినవా బిడ్డా?"

నిజమే. రోజంతా వెలుతురు ఒక్కటే చూశాను.

తర్వాత కునుకు పట్టింది.

"బిడ్డా, ఉప్పలొచ్చింది" అన్న మాట మెల్లగా వినిపించింది. నేను కళ్లు తెరిచాకే ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు మళ్లీ కీసర వెళ్లాను. గుర్రం చెవులు నావైపు తిరిగేదాకా దానితో మాట్లాడుతూనే ఉన్నాను. కెమెరా సంచిలోనే ఉంది.