రేగడిలో పరిచిన ఇసక

ఎనభైల చివర్లో దాదాపు నెలన్నరపాటు నేను రోజూ బాపట్ల నుంచి తెనాలికి రైల్లో ఇసక మోశాను. నవ్వుకోండి, ఫరవాలేదు. అప్పుడు బండిలో నాతోపాటు వచ్చేవాళ్ళందరూ నవ్వారు. బాపట్లలో బడిపంతులు ఉద్యోగం, తెనాలిలో కాపురం. పొద్దున పాసింజరు ఎక్కడం, సాయంత్రం పాసింజరు దిగడం. పిల్లల నోట్సు పుస్తకాలు ఉండాల్సిన సంచీలో పది కిలోల ఇసక ఉండేది. ఓ రోజు టికెట్ కలెక్టరుకు అనుమానం వచ్చింది.

"సంచీలో ఏంటి మాస్టారూ?"

"ఇసకండి."

"ఇసకా? తెనాలిలో దొరకదా అండీ?"

"దొరుకుతుందండి. ఇది మా ఊరిది."

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, పాపం పంతులుగారికి ఏదో అయిందనుకున్నాడో ఏమో, టికెట్టు కూడా అడక్కుండా ముందుకు వెళ్ళిపోయాడు. నేను కిటికీకి తల ఆనించుకున్నాను. సంచీ ఒళ్ళో వెచ్చగా ఉండేది, ఎండ ఇంకా అందులోనే ఉన్నట్టు. బయట కోసిన మాగాణులు, గడ్డివాములు, కాలవగట్ల మీద తాటిచెట్లు మెల్లగా వెనక్కి వెళ్ళేవి. కునుకు పట్టేది. ఆ కునుకులో మా ఆవిడ మిషను కుడుతున్న చప్పుడు వినిపించేది. తెలివొచ్చేసరికి అది రైలు చప్పుడే.

మా ఇల్లు నందివెలుగు వైపు, ఊరి చివర. పెరట్లో ఇంటికి ముప్పై అడుగుల దూరంలో ఓ రేకుల షెడ్డు. అందులో సగం గేదెది, సగం మా ఆవిడ కుట్టుమిషనుది. ఆవిడది రేపల్లె వైపు. మిషనుకు మోటారు పెట్టించుకుని, పైన ఓ లైటు వేయించుకుని, వీధిలో ఆడపిల్లలందరికీ ఆవిడే కుట్టేది. క్రిస్మస్ ముందు నెలలో షెడ్డు నిండా గౌన్లు వేలాడేవి. పెద్దగా నవ్వేది, పిల్లల్ని ఆటపట్టించేది. "కొలతలకు కదలకుండా నిలబడకపోతే చేతులు లేని గౌను కుడతాను" అని బెదిరించేది. గేదెతో కూడా మాట్లాడేది. దాన్ని దూడప్పటి నుంచీ ఆవిడే పెంచింది.

ఇంటి నుంచి ఆ షెడ్డుకు కరెంటు లాగింది నేనే. బాపట్ల నుంచి ఓ సరివి బాద తెచ్చి పెరటి మధ్యలో స్తంభంలా పాతి, దాని మీదుగా వైరు కట్టాను. అప్పుడే ఆవిడ అడిగింది, "ఏవండీ, గాలొస్తే?" అని.

"ఏం కాదులే" అన్నాను.

నాకది ఊతపదం. అన్నం మాడినా ఏం కాదులే, బండి తప్పినా ఏం కాదులే. పైగా ఎవరైనా రెండోసారి అడిగితే కోపం. ఆవిడ రెండోసారి అడగలేదు.

బడులు తెరిచిన కొత్తలో ఓ మధ్యాహ్నం గాలివాన వచ్చింది. నేను బాపట్లలో ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెరడంతా జనం. వైరు తెగి మీద పడి గేదె చచ్చిపోయింది. గాలి తగులుతుందని పగలు దాన్ని ఆ బాదకే కట్టేవాళ్ళం. మా ఆవిడ వంటింటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను తిట్టనూ లేదు. తిడితే బాగుండేది.

ఆ రోజు నుంచి ఆవిడ షెడ్డులోకి అడుగు పెట్టలేదు. మిషను మీద దుప్పటి కప్పమని నాతోనే కప్పించింది. పోనీ మిషను ఇంట్లోకి తెద్దాం, కాలితోనే తొక్కుకో అన్నాను. "వద్దండి" అంది. ఓసారి మాత్రం, "ఆ షెడ్డు వైపు చూస్తేనే నాకు..." అని ఆగిపోయింది. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను. వైరంటే భయం. అంతేగా మరి! తల మీద వైరు లేకుండా చేస్తే, భూమిలోంచి కరెంటు తీసుకెళ్తే, మళ్ళీ మిషను ముందు కూర్చుంటుంది. మా ఆవిడ నవ్వు నాకు తిరిగొస్తుంది. అప్పట్లో నాకు కావలసింది అదొక్కటే.

మరుసటి వేసవి సెలవుల్లో పలుగూ పారా పట్టుకున్నాను. పైపు పాతడానికి ఇంకో మనిషి ఎందుకు? మా బాపట్లలో అడుగు లోతు తవ్వి, పైపు పెట్టి, ఇసక కప్పి, పైన నాలుగుసార్లు తొక్కితే పని అయిపోతుంది. ఇక్కడా అంతే చేశాను. నల్లరేగడి ఎండకు బీటలు వారి ఉంది. పలుగు వేస్తే ఖంగుమనేది. చేతులు బొబ్బలెక్కాయి. పైపు ముక్కలకు సొల్యూషను పూసి బిగించి, ఆ గడ్డలే మళ్ళీ పైన పోసి తొక్కాను. "ఇక ఏం కాదులే" అని ఆవిడతో అన్నాను. విని లోపలికి వెళ్ళిపోయింది.

వైరు లాగడానికి కరెంటు పనాయన ఖాళీ చేసుకుని వచ్చేసరికి శ్రావణం వచ్చింది. ఆయన వైరు లాగే ఇనప స్ప్రింగు పైపులోకి తోస్తే సగంలో ఆగిపోయింది. వెనక్కి లాగితే బురదనీళ్ళు వచ్చాయి. ఆయన అక్కడే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ, మీది బాపట్లా అండీ?"

"అయితే ఏంటి?"

"ఇసక ఊళ్ళో నేల కదలదండి. ఇది రేగడండి. ఎండకు విచ్చుకుంటది, వానకు ఉబ్బుతది. మీ పైపుని అటూ ఇటూ లాగేసి ఉంటది. ఎన్ని అతుకులేశారో అన్నీ ఊడి ఉంటాయండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి, కాళ్ళ కింది మట్టి తెలియకపోయింది. ఇప్పుడేం చేయాలని కసిరాను. ఆయన తాపీగా చెప్పాడు. నేల ఆరాక మళ్ళీ తవ్వాలి. ఈసారి మొలలోతు. అడుగున ఇసక పరిచి, పైపు పెట్టి, పైన మళ్ళీ ఇసక పోసి, ఆ తర్వాతే మట్టి. రేగడి ఎంత కదిలినా ఇసక సర్దుకుంటుంది. వైరు కట్టి లాగడానికి పైపులో ముందే ఓ నైలాను తాడు వేసి ఉంచాలి.

ఇసక బండి తోలించమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆవిడకు నేను చేసినదానికి నా ఒళ్ళు కూడా కాస్త నొప్పి పడాలనిపించింది. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఇసక మోత మొదలైంది. రోజుకో సంచీ తెచ్చి పెరట్లో గుమ్మరించేవాణ్ణి. నల్లటి నేల మీద తెల్లటి కుప్ప పెరుగుతూ ఉండేది. సాయంత్రం వెలుగులో అక్కడ మా ఊరి ముక్క ఒకటి మొలుస్తున్నట్టు ఉండేది.

"మా రేపల్లె వైపు రెండడుగులు తవ్వితే ఉప్పునీళ్ళు. మీ ఊళ్ళో ఇసక. ఈ ఊళ్ళో బంక. మంచి సంబంధమే కుదిరింది" అంది ఆవిడ ఓ రోజు. చాలా కాలానికి వేళాకోళం ఆడింది. ఆ రాత్రి నాకు బ్రహ్మాండంగా నిద్ర పట్టింది.

మార్చిలో ఓ ఆదివారం పైపు పరచడం అయింది. వైరు లాగాలి. ఇంటి దగ్గర ఒకరు వైరు అందించాలి, షెడ్డు దగ్గర ఒకరు తాడు లాగాలి. కరెంటు పనాయన ఇంట్లో బోర్డు బిగిస్తూ, "అమ్మా, మీరు అటు వెళ్ళి తాడు పట్టుకోండి" అన్నాడు. ఆయనకు మా సంగతి తెలియదు. ఆవిడ చీర చెంగు దోపుకుని మెల్లగా నడుచుకుంటూ వెళ్ళింది. షెడ్డు గోడ దగ్గర కూర్చుని తాడు చేతికి చుట్టుకుంది. నేను వైరు వదులుతున్నాను. నేల కింద కనపడకుండా అది నా చేతుల్లోంచి ఆవిడ చేతుల్లోకి వెళ్తోంది. ఆవిడ లాగినప్పుడల్లా నా వేళ్ళకు తెలుస్తోంది. అలా ఎంతసేపు గడిచినా నాకిష్టమే అనిపించింది.

గంటలో కనెక్షన్లు ఇచ్చేసి ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడే స్విచ్చి వేసింది. మిషను మీద లైటు వెలిగింది. దుప్పటి మీద రెండేళ్ళ దుమ్ము.

"ఇంక భయం లేదు. వైరు మొలలోతున ఉంది" అన్నాను.

"నాకు వైరంటే భయమని ఎవరన్నారండీ?"

ఆవిడ లైటు వైపే చూస్తూ చెప్పింది.

"గాలి మొదలవ్వగానే అది అరిచిందండి. పది అడుగులు. వెళ్ళి ముడి విప్పి లోపల కట్టేస్తే సరిపోయేది. ఓ పిల్ల గౌను కుడుతున్నా. ఈ ఒక్క కుట్టూ అయ్యాక వెళ్దామనుకున్నా. మిషను ఆపలేదండి. అది అరుస్తూనే ఉంది."

అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళ ఏడుపు. నేను భూమినంతా తవ్విపోశాను కాని, ఒక్కసారి పక్కన కూర్చుని ఏమైందే అని అడగలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. వైరు కట్టింది నేను కదా, తప్పు నాది కదా అన్నాను. "ఇద్దరిదీనండీ" అంది. ఇద్దరం ఆ గేదె ఉండే సగంలోకి వెళ్ళి, వట్టి నేల మీద కూర్చుని తనివితీరా ఏడ్చాం.

ఆ సాయంత్రం ఆవిడ దుప్పటి తీయలేదు. మర్నాడూ తీయలేదు. నాలుగో రోజు నేను బండి దిగి ఇంటికొచ్చేసరికి షెడ్డులో మిషను చప్పుడవుతోంది. పరుగెత్తుకుంటూ పెరట్లోకి వెళ్ళాను. గుమ్మం అవతల నా అడుగుల చప్పుడు వినగానే మిషను టక్కున ఆగిపోయింది. ఆవిడ లేచి గాభరాగా బయటికొచ్చింది.

"ఏంటండీ? పిలిచారా?"

"లేదే. నువ్వు కుట్టుకో" అన్నాను.

తర్వాత ఎన్నేళ్ళు కుట్టిందో, అన్నేళ్ళూ అంతే. పెరట్లో ఆకు కదిలినా మిషను ఆపి, బయటికొచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చునేది.