రెండక్షరాల మధ్య సందు

గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో, మెసైమీర్‌లోని మా గదిలో ఒక డ్రైవర్ చాచా ఉండేవాడు. శుక్రవారం నమాజు నుంచి రాగానే కిటికీ ఎండలో అమెరికా ఒక సెంటు బిళ్లలు పరిచేవాడు. ఆయన కారు నడిపిన అమెరికన్ కుటుంబం వెళ్లిపోతూ వాటిని డబ్బా నిండా ఇచ్చిందట. గోడ మీద రాగి వెలుగు నీళ్లలా కదిలేది.

ఆ బిళ్లల మీద 'అమెరికా' అన్న ఇంగ్లీషు మాటలో ఏ, ఎం అంటుకొని ఉంటాయి. వేరే అచ్చుతో కొట్టిన కొన్నిటిలో మాత్రం ఆ రెండక్షరాల మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది; అవి చాలా అరుదు. చాచా భూతద్దంతో వెతుకుతూ, "ఇది మాఫీ, ఇందులో లేదు" అని అరబ్బీ మాట కలిపి గొణిగేవాడు.

కళ్లకు పొర కమ్ముతున్నా, భయంతో ఆపరేషన్ వాయిదా వేశాడు. చివరికి ఒప్పుకున్నాక, ఆపరేషన్‌కు ముందటి శుక్రవారమే సందున్న బిళ్ల దొరికింది. నేనూ చూశాను. ఆ సందులో ఎండ నిలిచి ఉంది.

చాచా నవ్వి, దాన్ని డబ్బాలో వేసి గలగలా కలిపేశాడు.

"అయ్యో చాచా, మళ్ల ఎట్ల దొరుకుతది?"

"కండ్లు మంచిగైనంక నాకు పని ఉండాలె గద బేటా!"

కంటి కట్టు విప్పిన రోజు మా ముఖాలు ఒక్కొక్కటీ దగ్గరికి తీసుకొని చాలాసేపు చూశాడు. ఆ తర్వాతే డబ్బా అడిగాడు.