జీడితోటలో ఆకులు ఊడ్వనివ్వని సత్యవతి

చైత్రం వెళ్ళకముందే మా సత్యవతి వెళ్ళిపోయింది. పొద్దున్నే నా చేతికి కాఫీ గ్లాసిచ్చి, "ఆయాసంగా ఉందక్కా" అంటూ పక్కనే కూలబడిన మనిషి మళ్ళీ లేవలేదు. పరమపదించిందని అందరూ అంటున్నారు. అంత పెద్ద మాట నా నోట ఇంకా పలకటం లేదు. ఆమె నాకు తోడికోడలు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పిన విదుషీమణి. నాది ఐదో తరగతి చదువు. అయినా ఒకే వంటింట్లో మా కబుర్లు తెమిలేవి కావు. కాలనీవారు వేసే ఈ సంస్మరణ పుస్తకానికి నన్నూ రాయమన్నారు. రాస్తున్నాను, తట్టుకోగలిగినంత.

గోదావరి వైపు నుంచి పోర్టు, స్టీలు ప్లాంటు ఉద్యోగాలకని వచ్చినవాళ్ళం. కాలనీ వెనక కొండవాలులో ఉన్న జీడితోట ఆమెకు ప్రాణం. తొలకరి ముందు అక్కడికి పొన్నంకి పిట్ట వచ్చేది. గుప్పెడంత ఒళ్ళు, మొండి తోక, తొమ్మిది రంగులు. మన వైపు అరుదుగా దిగుతుందట.

"చలికాలమంతా దక్షిణాన, సింహళం దాకా ఉంటుందక్కా. పుట్టింటికొచ్చినట్టు వానలకి ఇటు కాన్పుకొస్తుంది. రాత్రిళ్ళు ఎగిరెగిరి, దిగేసరికి ఒంట్లో ఏమీ మిగలదు. దిగినచోట తిండి లేకపోతే ఇక అంతే" అనేది. గింజలు ముట్టదు. ఎండుటాకులు తిరగేసి కింద చెమ్మలోని పురుగుల్నీ వానపాముల్నీ ఏరుకుంటుంది. పొదల్లోనే ఆకులూ పుల్లలూ బంతిలా చుట్టి గూడు కడుతుంది.

అందుకే ఆకుల కోసం అందరితో తగువు. మా కాలనీ ఊడ్చే నూకాలు ఒకసారి చీపురు కింద పడేసింది.

"ఏటమ్మా ఇది? ఆకులుంచితే పెసిడెంటు బాబు తిడతాడు, ఎత్తితే నువ్వు తిడతావు. నానేటి సెయ్యాల?"

"మా వాకిట్లో ఎంతైనా ఊడ్చుకో నూకాలూ. ఆ తోట మాత్రం ముట్టుకోకు. అది పిట్ట వంటిల్లు."

"దానికి వంటిల్లు, నాకు సెలవు. బాగుందమ్మా బేరం!" అని నవ్వేసి, ఆ వైపు పోవటం మానేసింది.

ఒకసారి సత్యవతి, రుషికొండ వైపు అద్దాల మేడకు గుద్దుకుని పడిపోయిన పిట్టనొకదాన్ని చెప్పుల అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది. చీకటిగా, చప్పుడు లేకుండా ఉంటే తేరుకుంటుందని కుక్కర్ కూడా పెట్టనివ్వలేదు.

మా మరిది గుసగుసగా, "వదినా, నాకు జ్వరమొస్తే ఎప్పుడైనా టీవీ కట్టిందా?" అన్నాడు.

"మీరు సింహళం నుంచి ఎగిరొచ్చారా మరి?" అంది సత్యవతి, అదీ గుసగుసగానే.

సాయంత్రం తోటలో మూత తీస్తే, మా వంక ఓసారి చూసి ఆకుల్లోకి గెంతుకుంటూ పోయింది. సత్యవతి కళ్ళు తుడుచుకోవటం నేను చూసింది ఆ ఒక్కసారే.

పదకొండో రోజు కార్యాల్లో మేముండగా, కాలనీవారంతా కలిసి ఆమె పేరున శ్రమదానం చేశారు. పొదలు కొట్టించి, ఆకులన్నీ పోగేసి కాల్చి, సిమెంటు బెంచీ వేసి, పళ్ళేల్లో నూకలు పోసి, 'సత్యవతి స్మారక పక్షివనం' అని బోర్డు పెట్టారు. ప్రెసిడెంటుగారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "ఒక్క ఎండుటాకు లేదు చూడండమ్మా, మేడమ్ ఉంటే ఎంత మురిసిపోయేవారో" అన్నారు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. వెనక నూకాలు చీపురు పట్టుకుని నేల చూస్తూ నిలబడింది.

ఎవర్నని తప్పుపట్టను? అంతా ప్రేమతో చేసిందే. ఆమెకు పిట్టలంటే ప్రాణమని అందరికీ తెలుసు. పిట్టకేం కావాలో ఆమె చెబుతుంటే మాత్రం అది చాదస్తమనుకున్నాం. ఒక్క ఏడు రాలిన ఆకు చాలదనేది. ఏళ్ళకేళ్ళు కుళ్ళితేగాని అడుగున ఆ చెమ్మ పుట్టదట.

మొన్న మొదటి జల్లు పడింది. సందెవేళ తోటలోంచి ఆ పిట్ట ఈల వినిపించింది. మా మరిది లేచి కిటికీ మూసేశాడు.

"అక్కడ దానికేముంది వదినా? వినలేను" అన్నాడు.

మర్నాడూ పిలిచింది. ఆ తరవాత లేదు. ఎటు పోయిందో, పోయే ఓపిక మిగిలిందో లేదో, చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో లేదు.

సత్యా, నీ పటానికి దండ వేసి దణ్ణం పెడుతున్నాను. శాంతిగా ఉండమని నీతో అనడానికి మాత్రం నాకు నోరు రావటం లేదు.