పరుపులాయన ఇంట్లో దసరా విడిది

మా పెద్దమ్మ ఎవరినీ తొందరగా నమ్మేది కాదు. పాలు పోసే ఆమె చెంబులోకి తొంగి చూసేది, తరాజు పట్టినవాడి చిటికెన వేలు చూసేది, పురోహితుడు ముహూర్తం చెబితే ఇంకో పురోహితుణ్ణి అడిగి వచ్చేది. అట్లాంటి మనిషికి ప్రొద్దుటూరు దసరా చూడాలని కోరిక పుట్టింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తలో జరిగిన మాట ఇది. అప్పుడు నాకింకా పెండ్లి కాలేదు.

పెదనాన్నకు జనం గుంపు చూస్తేనే తలనొప్పి. ఆ మాట చెబితే పెద్దమ్మ ఊరుకోదని తెలిసి, "పండగ నాళ్లు, ఇద్దరమూ పోతే ఇల్లు ఎవురు చూస్తారు? నేనీడ కాపలా ఉంటా, నువ్వు పిల్లను తోడు తీసుకుని పో" అన్నాడు. బోర్డులు చదవగలనని నన్ను బయలుదేరదీశారు.

అక్కడ ఎక్కడ దిగాలన్నది పులివెందులలో మా వీధి వీధంతా కూర్చుని తేల్చవలసిన విషయమైంది. బస్టాండు పక్కన వద్దు, జేబుదొంగలుంటారు అంది ఒకామె. పెద్దమ్మకు జేబే లేదు కదా అన్నాను గాని నా మాట ఎవరూ వినిపించుకోలేదు. పెన్న ఒడ్డున వద్దు, పాములంది ఇంకొకామె. సత్రంలో పక్కన పడుకున్నవాళ్లు తెల్లారేసరికి మూటలు మార్చేస్తారట. బంగారు అంగళ్ల వీధిలో ఇత్తడి ఉంగరం కింద పడేసి, "దొరికింది, నీకింత నాకింత" అనే మాయగాళ్లు తిరుగుతారట. అన్నీ విన్నాక ప్రొద్దుటూరులో మాకు కాలు మోపే జాగా మిగల్లేదు. పెద్దమ్మ మాత్రం ఉత్సాహంగా మూట కట్టింది. మోసగాళ్లు ఉన్నారని తెలిసేకొద్దీ ఆమెకు ప్రయాణం మీద ఇంకా మక్కువ పెరిగినట్టు కనిపించింది.

ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా పోయే బస్సులో ఆమె మూట మీదనే కూర్చుంది. ప్రొద్దుటూరులో దిగీదిగగానే ఒక జట్కా ఆయన ఎదురొచ్చాడు. నెరిసిన గడ్డం, తలకు తువ్వాల.

"యాడికి పోవాలమ్మా? అమ్మవారిశాల కాడ సత్రం ఉండాది. ఇప్పుడే పోతే చోటు దొరుకుతాది. ఎక్కండి."

"మనుషుల్ని తోలుకొని పోతే సత్రమోళ్లు నీకేమిస్తారప్పా?" అంది పెద్దమ్మ.

"నాకెవురిస్తారమ్మా! గుర్రానికి గడ్డి గూడా నేనే కొనుక్కుంటాండా."

"ఎవురూ ఏమీ ఇయ్యకుండా ఇంత ప్రేమ యాడిది?" అని ఆమె నా చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. నాకు ఆ గుర్రం నచ్చింది, ఎండకు కాళ్లు కాలుతున్నాయి. వెనక్కి చూసుకుంటూ నడిచాను.

ఇంకొంచెం దూరం పోయామో లేదో మా ముందు నడుస్తున్న ఒకడు వంగి, దుమ్ములోంచి తళతళలాడే ఉంగరం ఒకటి తీశాడు. మా వైపు తిరిగి, "అక్కా, ఇది మీదేమన్నా పడిపోయిందా?" అని అడిగాడు. కాదంటే బేరం మొదలుపెట్టడం వాడి పద్ధతి. మా పెద్దమ్మ చటుక్కున చెయ్యి చాపి, "నాదేనప్పా! నీ కడుపు సల్లగుండ, ఇట్లియ్యి" అని ఉంగరం అందుకుని నడుముకు దోపుకుంది. ఇత్తడిదైనా వాడు కొని తెచ్చుకున్నదే కదా. తనది అని చెప్పుకునే దారి లేదు.

ఇది చూసి దగ్గరలో ఎవరో పకపకా నవ్వారు. తెల్లని పంచె కట్టుకున్న ఒక నడివయసు మనిషి చప్పట్లు కొట్టినంత పని చేస్తూ వచ్చాడు.

"శభాషమ్మా! వానికి బుద్ధి చెప్పినోళ్లను ఇన్నాళ్లకు చూసినా. మీది యావూరు? పులివెందలా! అందుకే. ఇనండి, ఈ ఊర్లో ఎవురినీ నమ్మొద్దు. జట్కావోళ్లను నమ్మొద్దు, సత్రమోళ్లను నమ్మొద్దు. ఆ మాటకొస్తే నన్ను గూడా నమ్మొద్దు."

ఆ చివరి మాటతో మా పెద్దమ్మ పడిపోయింది. తనను నమ్మవద్దని తానే చెప్పుకునేంత నిజాయితీ గల మనిషి ఆమెకు అంతవరకు తగల్లేదు. చల్లని చోట నిలబడి వాళ్లిద్దరూ లోకంలో మోసాలన్నీ తలుచుకున్నారు. ఒకరు చెప్పింది ఒకరు మెచ్చుకున్నారు. చివరికి ఆయనే, మొహమాటపడుతున్నట్టుగా, తన చిన్నాయన ఇల్లు ఖాళీగా ఉందనీ, ఆడవాళ్లు నిబ్బరంగా ఉండదగ్గ వీధి అనీ, మామూలుగా ఎవరికీ ఇవ్వమనీ చెప్పాడు. పెద్దమ్మ బాడుగ సగానికి తెగ్గొట్టింది. ఆయన బాధపడుతూ ఒప్పుకున్నాడు. ఆ బాధ చూసి ఆమెకు ఇంకా నమ్మకం కుదిరింది.

ఇల్లు నిజంగానే బాగుంది. చిన్న మిద్దె, ముందు అరుగు, గోడలకు అప్పుడే వేసిన సున్నం. వెనక గదిలో ఒక గోడ మాత్రం ఇంకా సగమే తెల్లగా ఉంది. ముందుగదిలో దూలం దాకా పరుపులు పేర్చి ఉన్నాయి. ఎర్రచారలవి, నీలిచారలవి, కొత్త దూది వాసన కొడుతున్నవి.

"చిన్నాయన పరుపులు కుడతాడు. ఎన్నంటే అన్ని ఏసుకోండి. సత్రంలో ఐతే చాప గూడా ఇయ్యరు" అన్నాడాయన. అతని గోళ్ల సందుల్లో సున్నం చూశాను. పెద్దమ్మకు చూపిస్తే, "పనిచేసే మనిషి మే, నీ మాదిరి గాదు" అంది.

బాడుగ చేతిలో పడ్డాక అతను గడప దగ్గర ఆగి, గొంతు తగ్గించి ఇంకొక మాట చెప్పాడు. "ఈ ఊర్లో ఒక ముఠా ఉండాది. పండగలకు వచ్చినోళ్లు యాడ దిగినారో కనుక్కుని, ఈ ఇల్లు మాది అని తలుపు కొడతారు. ఏడుస్తారు, ఒట్లు పెడతారు. తీసినారా, మూటాముల్లె పోయినట్టే. నేను వచ్చి పిలిస్తే తప్ప తీయొద్దు."

"నాకు చెప్తాండావా నాయనా!" అంది పెద్దమ్మ నవ్వుతూ.

అన్నం వండుకున్నాము. కూరకు ఏమీ లేదు. అటక మీద ఒక జాడీ కనిపిస్తే పెద్దమ్మ దించింది. మామిడికాయ ఊరగాయ. ఇంటివాళ్లు తురకలని పరుపుల పని చూస్తేనే తెలుస్తోంది కదా, మనం తినవచ్చునా అని అడిగాను. "ఊరగాయకు పట్టింపు లేదు" అని తేల్చేసింది ఆమె. ఆ శాస్త్రం ఎక్కడ ఉందో నేను అడగలేదు, ఆకలిగా ఉంది. తిన్నాక ఆమె మూడు పరుపులు ఒకదాని మీద ఒకటి వేయించుకుని, ఎక్కి, కాళ్లు చాపుకుని పడుకుంది. ఆ పరుపుల్లో ఎవరో కొత్త పెండ్లివారికి కుట్టినవి కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది.

దీపాలు పెట్టే వేళకు తలుపు చప్పుడైంది. గొళ్లెం లోపలి నుంచి వేసి ఉంది.

"ఎవురు లోపల?" అని ఒక ఆడమనిషి గొంతు.

"నువ్వెవురు బయట?" అంది పెద్దమ్మ.

"యా అల్లా! ఇది మా ఇల్లు!"

పెద్దమ్మ నా వైపు చూసింది. చెప్పలేదా, వచ్చినారు అన్నట్టుంది ఆ చూపు. ఆమె కళ్లలో భయం లేదు, వేడుకే ఉంది. "అందురూ అట్లే చెప్తారు. పోండి, పోండి!" అని కేకేసింది.

కిటికీ సందులోంచి చూశాను. పరుపులాయన, ఆయన భార్య అని తర్వాత తెలిసింది. జమ్మలమడుగులో ఆమె తమ్ముడి పెండ్లికి పోయి వస్తున్నారు. రేపైతే దసరా జనానికి బస్సులో చోటు దొరకదని ఒక రోజు ముందుగానే బయలుదేరారట. ఆయన చొక్కాకు ఇంకా అత్తరు వాసన, ఆమె తలలో వాడిన మల్లెలు. ఆయన మూట దించి తన అరుగు మీద తానే పరాయివాడిలాగా ఒక చివర కూర్చున్నాడు. "పెద్దమ్మా, వీళ్లు దొంగల మాదిరి లేరే" అన్నాను.

"దొంగ దొంగ మాదిరి ఉంటే వాని బతుకెట్ల జరుగుతాది?"

ఇరుగుపొరుగు చేరారు. "ఇది వాళ్ల ఇల్లే తల్లీ, తలుపు తీ. మీరు వాళ్ల చుట్టాలేమో అనుకున్యాం" అన్నారు. పెద్దమ్మ నా చెవిలో, "చూస్తివా? వీధి వీధంతా ముఠాలోనే ఉండాది" అంది.

పరుపులామె తెలివైన మనిషి. ఏడవలేదు. లోపల ఏవేవి ఎక్కడున్నాయో చెప్పసాగింది. రోలు అంచు విరిగింది, నీళ్లబాన కింద పెంకు పెట్టి ఉంది, గోడలో దేవిటి గూట్లో ఆకుపచ్చ చిమ్నీ దీపం ఉంది. నేను లోపల పరుగెత్తి ఒక్కొక్కటీ చూసి, ఉంది, ఉంది అని అరుస్తున్నాను. పెద్దమ్మ దేనికీ లొంగలేదు. "ముందే కనుక్కుని వచ్చింటారు."

బయట ఆమెకు ఓపిక అయిపోయింది. "అక్కా, అటక మీద ఊరగాయ జాడీ ఉండాది, అదన్నా చూడు."

"చూడ్డమేంది, తిన్నాం గూడా."

ఈసారి ఆ గొంతే, కోపం తగ్గి, సిగ్గుతో వచ్చింది. "ఉప్పు శానా పడింది గదా?"

"అవునమ్మీ, శానా పడింది" అంది పెద్దమ్మ మెల్లగా.

"ఈ తూరి చెయ్యి జారింది అక్కా. మా ఇంటాయన ఆ పక్కనుంచి మాట్లాడిస్తాంటే ఇంకో పిడికెడు ఏసినా."

పెద్దమ్మ లేచి పోయి గొళ్లెం తీసింది. "తన ఊరగాయకు తానే వంక పెట్టుకునేది ఇంటామె గాక ఇంకెవురుంటారు?" అని నాతో అంది. గడప అవతల ఇద్దరాడవాళ్లు ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. పరుపులామె చూపు లోపలికి పోయి, మూడు పరుపుల మీద ఆగింది. పెద్దమ్మ ఎప్పుడూ లేనిది తల దించుకుంది. పరుపులామెకు మొదట నవ్వు పెదవుల చివర వచ్చింది, తర్వాత ఆపుకోలేక గడప మీద కూలబడి నవ్వింది. వీధి వీధంతా నవ్వింది.

సంగతి తెలిశాక పరుపులాయన తల పట్టుకున్నాడు. సున్నం కొట్టమని తాళంచెవి ఇచ్చి పోయింది ఆ పంచె మనిషికే. "దుడ్లు ముందే ఇచ్చినా అప్పా, రెండు పక్కలా తిన్నాడు" అన్నాడు. మేము అప్పుడే సత్రానికి పోతామని మూట ఎత్తుకున్నాం. పరుపులామె మూట లాక్కుని లోపల పెట్టింది. "దొంగే అయినా మీకు మంచి ఇల్లే చూపించినాడు. ఉండండి" అంది. ఆ పూట పెండ్లి నుంచి తెచ్చిన మిఠాయి మాకు పెట్టారు. పెద్దమ్మ దానికీ ఏ పట్టింపూ లేదని అప్పటికప్పుడు తేల్చింది.

మరునాడు పొద్దున్నే వాకిట్లో మాటలు వినిపించాయి. ఆ గొంతు మాకు బాగా తెలుసు. "ఈ ఊర్లో ఎవురినీ నమ్మొద్దు మామా. ఆ మాటకొస్తే నన్ను గూడా నమ్మొద్దు." మేము గుడికి పోయి ఉంటామనుకుని, వెనకగది బాడుగకు ఇవ్వడానికి ఇంకొకరిని వెంటబెట్టుకొచ్చాడు. పెద్దముడియం నుంచి వచ్చిన గొర్రెలాయన, ఆయన భార్య.

పెద్దమ్మ తలుపు బార్లా తెరిచి, నిండుగా నవ్వుతూ అంది. "రా నాయనా, రా. మీ చిన్నాయన వచ్చినాడు."

పరుపులాయన కండువా దులుపుతూ ఆమె వెనక నుంచి బయటికి వచ్చాడు. పంచె మనిషి వెనక్కి తిరిగాడు గాని గొర్రెలాయన మందలో తప్పించుకునే పొట్టేలును పట్టినట్టు అతని కాలు అందుకున్నాడు. ఏం జరిగిందో ఆయనకు ఇంకా తెలియదు. పరుగెత్తేదాన్ని పట్టుకోవడం అలవాటు, అంతే.

పోలీసులకు అప్పగిద్దామన్నారు ఎవరో. పరుపులాయన సగం తెల్లబడిన గోడకేసి చూసి, "పండగ పూట వాళ్లకు ఊపిరాడ్తాండ్లేదు. ఈయప్పను తీసుకొని పోతే నా గోడకు సున్నం ఎవురు కొడతారు?" అన్నాడు. మా బాడుగ మాకు వచ్చింది. పంచె విప్పి గోచీ పెట్టి, ఆ మనిషి దసరా పూట పొద్దుగూకేదాకా వెనకగదికి సున్నం కొట్టాడు. పెద్దమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. "ఆ మూల వదిలేసినావు. పైన పలచగా ఉంది. ఇంకో పూత ఎయ్యి." మధ్యాహ్నం అన్నం కూడా ఆమే పెట్టింది, ఊరగాయతో. తింటూ తింటూ అతను, "అమ్మా, నేను శానా మందిని చూసినా గాని, ఆ ఉంగరం మాదిరి ఎవురూ చేయలే" అన్నాడు. పొగడ్త నిజమైనదే. పెద్దమ్మ మొహం తిప్పుకుంది గాని, ఇంకో ముద్ద వడ్డించింది.

గొర్రెలాయన వాళ్లు కూడా అక్కడే దిగారు. సాయంత్రం అందరం మిద్దె ఎక్కాము. అమ్మవారి ఊరేగింపు పెద్దవీధి మలుపులో మొదట వెలుగుగా, తర్వాత వాద్యాలుగా, తర్వాత పూలుగా వచ్చింది. పెద్దమ్మ చేతులు జోడించి నిలబడింది. ఆమె అంతసేపు మూట సంగతి మరిచిపోయి ఉండడం నేను అప్పుడే చూశాను. పరుపులామె పిట్టగోడకు ఆనుకుని, ఏ వాహనం ఏ రోజు వస్తుందో, ఎవరి వాద్యం బాగుంటుందో ఆమెకు చెబుతూ ఉంది. పెండ్లై వచ్చినప్పటి నుంచీ ఏటా అదే మిద్దె మీది నుంచి చూస్తోందట.

మేము ఊరికి తిరిగి వచ్చాక మా వీధిలో ఎవరు ప్రొద్దుటూరు పోతున్నా పెద్దమ్మ వాళ్లను పిలిచి, పరుపులాయన ఇంటి గుర్తులు చెప్పి పంపడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు పరుపులామె కబురు చేసింది. "అక్కకు చెప్పండి, ఇది ఇల్లే గాని సత్రం గాదని." పెద్దమ్మ ఆ కబురు విని తల ఊపి, వారం తిరక్కుండా ఇంకో ఇద్దరిని పంపింది. ఒక్కరినీ వాళ్లు వెనక్కి పంపలేదు. చివరికి పరుపులాయన మిద్దె మీద వచ్చేపోయేవాళ్ల కోసం ఒక గది వేయించాడు. గృహప్రవేశానికి పిలిస్తే మా పెద్దమ్మ, ఈసారి పెదనాన్నను కూడా లాక్కుని, మొదటి బస్సుకే బయలుదేరింది.