పిచ్చుకలకు కాలనీ ఇల్లు

నేను కాపురానికి వచ్చేనాటికే మా మామకు పిట్టలతో నలభై ఏళ్ల వైరం. కదిరి నుంచి తనకల్లు పోయే దారిలో, దూరం నుంచి చూస్తే గుట్టల మధ్య ఇంకో గుట్టలా కనిపించే ఊరు మాది. ఊళ్లో జొన్న పండినన్నాళ్లూ మంచె మీద నిలబడి వడిసెల తిప్పడంలో మామను మించినవారు లేరట. ఆయన రాయి ఒక్క పిట్టకూ తగల్లేదని, ఒకసారి మాత్రం పక్క చేలో ఎద్దుకు తగిలిందని అత్త చెప్పేది. తర్వాత వానలు మొహం చాటేశాయి, జొన్న పోయింది, ఊరంతా వేరుశనగే మిగిలింది. వేరుశనగకు మంచెతో పనిలేదు. అయినా పిట్టల మీద మామ కోపం మాత్రం పోలేదు. పిచ్చుక కంటబడితే చాలు, "కష్టం మనది, కడుపు దానిది" అనేవారు.

మా ఆయనకు తాడిపత్రిలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకు పోయేవాడు. నేను తనకల్లులో సైన్సు టీచర్ని. వారమంతా ఇంట్లో ఉండేది మామ, అత్త, నేను, ఒక పిల్లి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో పాత మట్టిమిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు కట్టారు. మిద్దెలో దూలాలకూ దంతెలకూ మధ్య సందుల్లో ఎన్ని తరాల పిచ్చుకలు కాపురం చేశాయో ఎవరికీ తెలియదు. పైనుంచి గడ్డి రాలుతుందని అత్త పాలగిన్నె మీద ఎప్పుడూ మూత పెట్టేది. కొత్త ఇంట్లో వేలు దూరే సందు కూడా లేదు. గృహప్రవేశమైన మర్నాటి నుంచి పిచ్చుకలు వరండాలో తిరుగుతూ, కిటికీ ఊచల మీద వాలుతూ, పాత అడ్రసు కోసం వచ్చినవాళ్లలా వెతుక్కునేవి. ఒక మగపిచ్చుక అయితే మామ గడ్డం గీసుకునే అద్దం మీద వాలి, అందులో కనబడే ఇంకో పిచ్చుకతో రోజూ కొట్లాటకు దిగేది. మొహానికి సబ్బు నురగతో మామ ఒకవైపు, అది ఒకవైపు. అద్దం ఎవరిదో తేలేసరికి నురగ ఆరిపోయేది.

ఆ ఎండాకాలంలోనే అనంతపురంలో సైన్సు టీచర్లకు శిక్షణ జరిగింది. అక్కడికొచ్చిన ఒక పెద్దాయన పిచ్చుకలు గూడు కట్టుకోవడానికి చెక్కపెట్టె ఎలా చేయాలో బోర్డు మీద గీసి చూపించాడు. నేను కొలతలన్నీ రాసుకొచ్చి, మా తలుపులు చేసిన ఆచారికి ఇచ్చాను.

"ఏ దేవునికమ్మా?" అన్నాడు ఆయన కాగితం చూసి.

పిచ్చుకలకు అన్నాను. ఆయన నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, ఈ సంగతి మా మామకు తెలుసా అని అడిగాడు.

నాలుగు రోజుల తర్వాత పెట్టె తెచ్చాడు. రెండువైపులా తామరపూలు చెక్కి ఉన్నాయి. రంధ్రం కింద బుల్లి గడప, గడపకు పసుపు. పక్కన ఒక తలుపు, దానికి గడియ. గడియ లోపల పెడితే పిట్టలకు అందదని బయట పెట్టానన్నాడు. ఒక్కటే తేడా వచ్చింది. రంధ్రం నిమ్మకాయ పట్టేంత ఉండాలని నేను చెబితే, ఆయన గజనిమ్మకాయ అనుకున్నాడు. పడమటి గోడకు మేకు కొట్టి పెట్టెను తగిలించిన రెండో రోజే అందులోకి ఉడుత దిగింది. అత్త ఆరేసిన మసిగుడ్డలు, మామ తువ్వాలులో ఒక మూల, అన్నీ లోపలికి చేరవేసుకుంది. ఆచారి మళ్లీ వచ్చి, ఉడుత తిట్లు తింటూనే, రంధ్రానికి చిన్న చెక్క కొట్టి ఇరుకు చేశాడు.

మామ ఇదంతా మంచం మీద కూర్చుని చూశారు. చివరికి అన్నారు: "గవర్నమెంటోళ్లు మనుషులకే కాలనీ ఇండ్లు సక్కంగా కట్టియ్యలేదు. నువ్వు పిట్టలకు కట్టిస్తాండావు. రేషన్ కార్డు గూడా రాపిస్తావా అమ్మా?"

సాయంత్రానికల్లా ఊరంతా దాన్ని కాలనీ ఇల్లు అనసాగింది. బస్సులో కండక్టరు కూడా కాలనీ ఇంట్లోకి ఎవరైనా వచ్చారా అని అడిగాడు.

ఎవరూ రాలేదు. మూడు వారాల తర్వాత అద్దంతో కొట్లాడే ఆ మగపిచ్చుకే వచ్చింది. గడప మీద కూర్చుని గొంతు చించుకుని ఆడపిచ్చుకను పిలిచింది. ఆమె వచ్చింది, లోపలికి పోయింది, వెంటనే బయటికొచ్చి ఎగిరిపోయింది. మరునాడూ ఇదే వరస. ఆడదానికి ఇల్లు నచ్చలేదని అత్త తేల్చేసింది. పడమటి వాకిలి కాబట్టి వాస్తు కుదరలేదంది. పెళ్లయిన కొత్తల్లో తనకూ ఈ ఊరు నచ్చలేదని, అయితే తనను అడిగినవాళ్లు లేరని కూడా అంది. మామ ఆ మాట వినబడనట్టు బీడీ ముట్టించుకున్నారు.

ఆ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి పెట్టె పడమటి గోడకు లేదు. ముందు వరండాలో, పైకప్పు నీడన, సరిగ్గా మామ మంచానికి ఎదురుగా, ఇంటికి వచ్చినవాళ్లు కూర్చునే బల్లకు పైన ఉంది. అత్తను అడిగితే గడ్డంతో మామవైపు చూపించింది.

"మధ్యాన్నం పొద్దు మొగాన కొడ్తాంటే ఆ ఇంట్లో ఎవురుంటారు?" అన్నారు మామ, నావైపు చూడకుండా. "కొలతలు రాసుకొచ్చినావు గానీ ఎండ యాడ పడతాదో చూసుకోలేదు."

వారం తిరక్కముందే పిచ్చుకలు కాపురం పెట్టాయి. గడ్డిపోచలు, కోడి ఈకలు, మామ మంచం నులకలో పీచులు మోశాయి. అత్తకు ధర్మవరం పట్టుచీర ఒకటుండేది. ట్రంకుపెట్టెలోంచి తీసి నీడన ఆరేస్తే, ఆడపిచ్చుక కొంగు కుచ్చులో రెండు పోగులు లాక్కుపోయింది. అత్త చీపురు తీసుకుని వెంటబడింది. మర్నాడు పక్కింటామె వచ్చినప్పుడు మాత్రం అదే అత్త గొంతులో గర్వం వినబడింది. "మా పిట్ట ధర్మవరం పట్టు పరుచుకోని పండుకుంటాది" అని చెప్పింది.

ఆచారి పెట్టిన గడియ నాకు బాగా పనికొచ్చింది. పిట్ట బయటికి పోయినప్పుడు పక్క తలుపు తీసి చూసేదాన్ని. మొదట రెండు గుడ్లు, తర్వాత నాలుగు. ఎప్పుడేం జరిగిందో ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. ఒకరోజు నాలుగోసారి స్టూలెక్కినప్పుడు మామ ఆపారు.

"బాలింత ఇంట్లోకి దినానికి ఇన్నిసార్లు పోతారా? దిగు."

గుడ్లలోంచి పిల్లలు బయటపడ్డాక ఆయన వరండా వదల్లేదు. ఒకరోజు నన్ను పిలిచి, కిందపడిన సన్నటి ఆకుపచ్చ పురుగును అరచేతిలో చూపించారు. మా వేరుశనగ చేలో ఆకులు ముడిచేసే పురుగది. దానికి మందు కొట్టి కొట్టి విసిగిపోయారు. ఆ పొద్దంతా కూర్చుని, పిట్టలు ఎన్నిసార్లు వచ్చాయో, నోట్లో ఏం తెచ్చాయో చూశారు. తెచ్చినవాటిలో సగానికి సగం ఆ పురుగులే. అన్నం తినేటప్పుడు, "నలభై ఏండ్లు తరిమినా" అని మాత్రం అన్నారు. అత్త ఇంకొంచెం పప్పు వడ్డించింది.

అప్పుడే సర్పంచి ఎన్నికలొచ్చాయి. మామ నిలబడ్డారు. ఎదురు నిలబడింది వాళ్ల పెద్దనాయన కొడుకే, మామ కంటే రెండేళ్లు చిన్న. చేని గట్టు మీదున్న వేపచెట్టు ఎవరిదన్న తగాదాలో పన్నెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

మనుషులంతా చేరేది మా వరండాలోనే. ఎన్నికలంటే కేకలు, చప్పట్లు, మైకు కట్టిన ఆటో. మొదటి రోజే ఎవరో మామకు జై కొడితే, తల్లిపిచ్చుక పురుగును నోట పట్టుకుని వాకిట్లో కానుగచెట్టు మీదే ఉండిపోయింది, గూటికి రాలేదు. మామ లేచి నిలబడి, తన వరండాలో ఎవరూ గొంతెత్తకూడదని, ఆటో వీధి మొదట్లోనే ఆగాలని, జై కొట్టేవాళ్లు చెరువుగట్టు మీదికి పోయి కొట్టుకోవాలని ఆజ్ఞ వేశారు. ఆనాటి నుంచి పాతికమంది మగవాళ్లు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడేవాళ్లు. బల్ల మీద కూర్చున్నవాళ్ల తలల మీద పైనుంచి అప్పుడప్పుడు ఏదో పడేది. తుడుచుకునేవాళ్లే గానీ నోరు మెదిపేవాళ్లు కాదు.

దారిన పోయేవాళ్లకు ఇది ఇంకోలా కనిపించింది. మామ ఏదో పెద్ద ఎత్తు వేస్తున్నారని, అందుకే ఒక్క మాట కూడా బయటికి పొక్కనివ్వడం లేదని ఊరంతా పాకింది. కదిరి నుంచి పెద్ద నాయకుడు వస్తున్నాడని కొందరు, అవతలి పక్షంలో సగంమంది ఇటు వచ్చేశారని కొందరు అన్నారు. చివరికి అవతలి మనిషికే నిద్ర కరువైంది. ఒకరోజు పొద్దున్నే ఖద్దరు చొక్కా తొడుక్కుని, పన్నెండేళ్లలో మొదటిసారి మా గడప తొక్కాడు.

వరండాలో మామ ఒక్కరే ఉన్నారు. నేను వాకిట్లో నీళ్లు చల్లుతున్నాను.

"ఏమన్నా, దినామూ ఏందో గుసగుసలాడతాండారంట" అన్నాడాయన నిలబడే.

"మెల్లగా మాట్లాడు. కూకో."

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. మామ పైకి వేలు చూపించారు. ఆయన తలెత్తాడు. సరిగ్గా అప్పుడే తండ్రిపిచ్చుక ఖద్దరు భుజం మీద రెట్ట వేసి ఎగిరిపోయింది. లోపల్నుంచి నాలుగు నోళ్లు ఒక్కసారిగా అరిచాయి.

"ఇంతేనా?" అన్నాడు ఆయన.

"ఇంతే."

ఆయన నమ్మలేదు. అత్త తడిగుడ్డ తెచ్చిచ్చింది, నేను కాఫీ తెచ్చాను. కాఫీ తాగినంతసేపూ ఇద్దరూ పైకే చూస్తూ కూర్చున్నారు. పోయేటప్పుడు, పిల్లి జాగ్రత్త అన్నాడు. వేపచెట్టు ఊసుగానీ ఎన్నికల ఊసుగానీ రాలేదు.

పోలింగు రోజు తెల్లారేసరికి పిల్లలు ఒక్కొక్కటే గడప మీదికి రాసాగాయి. ఒకటి ఎగిరి కానుగచెట్టు చేరింది. ఇంకోటి తడబడుతూ గోడ మీద వాలింది. మా పిల్లి గోడ కింద కూర్చుని, తనకేం సంబంధం లేనట్టు కాలు నాక్కుంటోంది. మామ కట్టె చేతబట్టుకుని మధ్యలో కుర్చీ వేసుకున్నారు. పొద్దెక్కేసరికి మూడు ఎగిరాయి. నాలుగోది గడప మీదికి వస్తుంది, కిందికి చూస్తుంది, లోపలికి పోతుంది. ఓట్లు వేసే బడి దగ్గర జనం చూస్తున్నారని, ఆయన కనబడకపోతే ఓట్లు పోతాయని మామ మనుషులు మూడుసార్లు వచ్చి మొత్తుకున్నారు.

"ఇంగొకటి ఉండాది. అది ఎగిరినాంక వస్తా, పోండి" అన్నారు మామ.

ఆ మాట బడి దాకా పోయేసరికి, అవతలి పక్షంలో ఇంకొకడు ఎగిరి ఇటు రావలసి ఉందని, మామ వాడి కోసమే కాచుకున్నారని అర్థం మారింది. దాంతో అవతలివాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ, ఎవరూ చేజారకుండా ఇంటింటికీ పోయి ముసలివాళ్లను సైతం మోసుకొచ్చి ఓట్లు వేయించారు. మా వాళ్లు ఎత్తు పారిందనుకుని టీ తాగుతూ కూర్చున్నారు. నాలుగో పిల్ల ఎగిరింది, మామ తువ్వాలు భుజాన వేసుకుని పరుగున పోయి తలుపులు మూసేముందు తన ఓటు వేశారు.

ఆ సాయంత్రమే లెక్కపెట్టారు. కొద్ది ఓట్ల తేడాతో మామ ఓడిపోయారు.

ముగ్గురం వరండాలో కూర్చున్నాం. వీధి చివర తప్పెట్లు మోగాయి, టపాకాయలు పేలాయి. ఊరేగింపు మా ఇంటివైపే వస్తోంది. అత్త తలుపు వేద్దామని లేచింది. మామ వద్దన్నారు.

మా ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి తప్పెట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మెడ నిండా దండలతో ముందు నడుస్తున్న కొత్త సర్పంచి రెండు చేతులూ ఎత్తి అందర్నీ ఆపాడు. పెదాల మీద వేలు పెట్టి, మా వరండా పైకప్పు వైపు చూపించాడు. అంతే, వందమంది దాకా మనుషులు, తప్పెట్లను పొట్టకు అదుముకుని, చెప్పులు చేతబట్టుకుని, దొంగల్లా అడుగులో అడుగేస్తూ మా ఇంటి ముందు నుంచి పోయారు. ఒకాయనకు దగ్గు వస్తే పక్కవాడు నోరు మూశాడు.

పైన పెట్టె మధ్యాహ్నం నుంచి ఖాళీగానే ఉంది.

నేను ఆ మాట చెప్పబోయాను. మామ నా చెయ్యి తట్టారు.

"గమ్మునుండు. చెప్పొద్దు."

ఊరేగింపు మలుపు తిరిగి, మళ్లీ తప్పెట్లు మొదలయ్యేదాకా అత్త కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తర్వాత ఆమె నవ్విన నవ్వుకు మామ కూడా ఓటమి మరిచిపోయి నవ్వారు.

నెల తర్వాత కొత్త సర్పంచి కూడా ఆచారి చేత పెట్టె చేయించుకున్నాడు. మాకు తామరపూలయితే తనకు సింహాలు చెక్కించాడు. అందులోకి పిట్ట రాలేదని కబురంపితే, మామ తువ్వాలు దులుపుకుని స్వయంగా చూడటానికి వెళ్లారు. మధ్యాహ్నం దాటింది. అత్త సంగటి కలిపి మూతపెట్టి, వాకిలికీ వంటింటికీ తిరిగింది. పొద్దు వాలాక వచ్చి, అక్కడే తిన్నానన్నారు.

ఏం మాట్లాడుకున్నారని అత్త అడిగింది. పెట్టెను పడమటివైపు పెట్టాడని, తెలివితక్కువవాడని చెప్పారు. వేపచెట్టు సంగతి ఎత్తాడా అంది అత్త. ఎత్తలేదన్నారు.

"పన్నెండేండ్లకు పోయి తిన్నావు. ఏం కూర చేసినారు?" అంది.

మామ కాళ్లు కడుక్కుంటున్నారు. పిట్ట వస్తుందేమోనని ఇద్దరూ పైకే చూస్తూ తిన్నారట, కూర చూసుకోలేదన్నారు.