ఈస్టర్ పొద్దున సమోసాలు

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర సుందరరాజు బండి తెలియనివాళ్లు తక్కువ. పొద్దునపూట ఇడ్లీ బండ్లు, ఉగ్గాని బండ్లు వరుసగా నిలబడి ఉన్నా, సమోసా మీద మనసు పోయినవాడు మాత్రం వాటిని దాటుకుని ఆయన దగ్గరికే వచ్చేవాడు. కుర్రతనంలో నంద్యాలలో ఒక సాయిబు హోటల్లో నేర్చుకున్న పని అది. పల్చటి రొట్టెల్ని పెనం మీద అటూ ఇటూ చూపించి, పట్టీలుగా కోసి, మూడు మూలలుగా మడిచి, లోపల కూర పెట్టి, మైదా జావతో అంచు అతికించి నూనెలో వదిలేవాడు. మామూలు రోజుల్లో ఎర్రగడ్డల కూర, అంటే ఉల్లిగడ్డలే; పండగలకు కైమా.

పేరు సుందరరాజుది, నడుము విరిగేది మాత్రం ఆయన భార్య కమలమ్మది. లోకంలో చాలా బండ్లు ఇట్లాగే నడుస్తాయి, అందులో వింతేమీ లేదు. ఆమె రుద్రవరం పక్క పల్లె పిల్ల. పెళ్లయ్యేదాకా నాట్లకూ కలుపులకూ పోయిన చేతులు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు భార్యాభర్తలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కూరలో ఉప్పేశారు. మొదటి సమోసా కొరికిన బస్సు డ్రైవరు దాన్ని రోడ్డు మీదే ఉమ్మేసి, నలుగురూ వినేలా తిట్టి పోయాడు. కమలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. సుందరరాజు మాత్రం నవ్వాడు.

"ఎర్రగడ్డలు నీవి, కారం నీది, పిండి నీది. ఉప్పు జోలికి మాత్రం పోవాక. ఇద్దరం ఏస్తే ఇంతే మే" అన్నాడు.

ఆ మాటే వాళ్లకు చట్టమైపోయింది. తరిగేది, వేయించేది, మసాలా కలిపేది అంతా ఆమే. కూర దగ్గరపడగానే "అయ్యింది" అని పొయ్యి పక్కకు జరిగేది. ఆయన వచ్చి, ఉప్పు డబ్బాలో మూడు వేళ్లు ముంచి, కూర మీద చల్లి, ఒక్కసారి కలిపి, వాసన చూసి మూత పెట్టేవాడు. నాలుక మీద వేసుకుని చూడటమన్నది లేదు. బిడ్డలు పుట్టారు, క్రాంతి కుమార్ పెద్దవాడై ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్కయ్యాడు, ఇంటికి కోడలు మంజుల వచ్చింది. చట్టం మాత్రం మారలేదు.

నాలుక మీద వేసుకోకుండా ఉప్పు తెలుసుకునే ఆ విద్య ఏడాదికొకసారి వాళ్ల చర్చి సంఘం మొత్తానికీ పనికొచ్చేది. ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమకాలం నలభై దినాలూ వాళ్లు నీసు ముట్టరు. ఈస్టర్ రోజు చీకటితోనే సమాధుల తోటకు పోయి, తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి ఆరాధన చేస్తారు. పొద్దు పొడిచాక అక్కడే గేటు దగ్గర టీ, కైమా సమోసాలు. అదే పండగ నాష్తా. కైమా ముందు రోజు సాయంత్రమే వండాలి. అప్పటికింకా ఉపవాసం తీరదు కాబట్టి ఇంట్లో ఒక్క నోరు కూడా రుచి చూడటానికి లేదు. అయినా ఏ ఏడూ ఉప్పు తప్పలేదు. "సుందరరాజు సమోసాల కోసమైనా నలభై దినాలు ఓర్చుకోవచ్చురా" అని ముసలివాళ్లు పరాచికాలాడేవాళ్లు. టీ కెటిల్ రెండో వరుసకు చేరేలోపు గంప అడుగు కనిపించేది.

పోయిన వానాకాలంలో, బండి దగ్గర నిలబడిన సుందరరాజు నిలబడినట్టే ఎదలో నొప్పని స్టూలు మీద కూర్చున్నాడు. నంద్యాల పెద్దాసుపత్రి గడప తొక్కేలోపే ప్రాణం పోయింది.

మట్టి చేసిన రోజున కమలమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చింది, ముసలివాళ్లకు చాపలు పరిచింది. "రాయి మాదిరి ఉండాదే" అని వెనక ఎవరో అన్నారు, అదీ విన్నది. తర్వాత బండిని కొడుకు చేత పెరట్లోకి తోయించి, ఉన్న సామాను ఉన్నట్టే పట్ట కప్పించింది. మళ్లీ దాని ఛాయలకు పోలేదు. కోడలు వండింది తిని, తిన్న కంచం కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చునేది. మనిషి పోయాడని ఆమెకు తెలుసు. కానీ ఆ సంగతి ఇంకా ఒంటికి పట్టలేదు.

శ్రమకాలంలో ఒక ఆదివారం సంఘ పెద్ద సాల్మన్ రాజు ఇంటికి వచ్చాడు. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, మాట మెత్తన.

"కమలమ్మా, ఈసారి పండగకు నంద్యాల బేకరీలో పప్స్ చెప్తామనుకుంటాండాం. నీకెందుకమ్మా కష్టం?"

"వద్దు సారూ. నేను చేస్తా."

"ఒక్కదానివి యాడ చేస్తావ్?"

"ఇన్నేండ్లు చేసిందెవురు సారూ? ఎర్రగడ్డలు కోసింది నేను కాదా? మడిచింది నేను కాదా?"

సాల్మన్ రాజు తల గోక్కున్నాడు. "సరే, ఈ ఏడు నువ్వే చెయ్. ఏమన్నా తేడా వచ్చిందంటే మాత్రం వచ్చే ఏటి నుంచి బేకరీకే ఇద్దామంటాండారు మా మిగతా పెద్దోళ్లు. నేను చెప్పల్యా అనుకోవాక."

ఆయన పోయాక కమలమ్మ పెరటి వైపు చూసింది. బండి మూలన పడింది. బస్టాండులో ఆ జాగాలో అప్పుడే చెరుకు రసం మిషను దిగింది. భర్త పేరు నలుగురి నోటా పలికేది ఇక ఆ ఒక్క పొద్దునే. అదీ నంద్యాల పప్స్ పాలైతే, రెండేళ్లకు సుందరరాజెవరని పిల్లలు అడుగుతారు. అట్లా కానివ్వకూడదు. తిన్నవాళ్లు "సుందరరాజు చేసినట్టే ఉండాయి" అనాలి. ఆ మాట కోసమే ఆమె మళ్లీ నడుం కట్టింది.

పండగ ముందు రోజు క్రాంతి కుమార్ కైమా తెచ్చాడు. మంజుల రొట్టెలు వత్తింది. కమలమ్మ ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, కైమా నీరింకేదాకా వేయించి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, మసాలా, కొత్తిమీర వరస తప్పకుండా వేసింది. ఆమె చేతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎన్నో నెలల తర్వాత ఇంట్లో ఆ వాసన లేచింది. కూర దగ్గరపడింది.

"అయ్యింది" అని కమలమ్మ పొయ్యి పక్కకు జరిగింది.

మాట తనతోనే అన్నదనుకుని మంజుల స్టవ్ ఆర్పి, గిన్నె మీద మూత పెట్టింది.

తెల్లవారుజామున వేయించిన సమోసాలను గంపలో పోసి, తెల్లగుడ్డ కప్పి సమాధుల తోటకు తీసుకుపోయారు. సుందరరాజు సమాధికి ఇంకా సిమెంటు చేయించలేదు, మట్టి దిబ్బగానే ఉంది. కొడుకు దాని మీద కొవ్వొత్తులు నిలబెడుతుంటే కమలమ్మ పక్కన నిలబడింది కానీ, ధ్యాసంతా గంప మీదే ఉంది. గుడ్డ కింద ఆవిరి పట్టి మెత్తబడతాయేమోనని దిగులు. నల్లమల వెనక నుంచి పొద్దు వచ్చింది. ఆరాధన ముగిసింది.

మొదటి సమోసా సాల్మన్ రాజు అందుకున్నాడు. కొరికి, నెమ్మదిగా నమిలి, టీ తాగి, "బాగుంది మా" అన్నాడు. ఎదురింటి సరోజమ్మ "అచ్చం సుందరరాజన్న చేసినట్టే ఉండాయక్కా" అన్నది. ఏ మాట కోసం ఆమె ఇంత పాకులాడిందో ఆ మాటే. కమలమ్మ మొహం విప్పారింది.

అయితే అంతలోనే ఆమె గమనించింది. టీ రెండో వరుస దాటి పోయింది, గంప ఇంకా సగానికి పైగా ఉంది. తిన్నవాళ్లు మళ్లీ చెయ్యి చాచడం లేదు. కళ్లు కలపడం లేదు. ఆమె ఒక సమోసా తుంచి నోట్లో వేసుకున్నది.

చప్పన. ఉప్పన్నదే లేదు.

మిగిలిన ముక్క చేతిలో పట్టుకుని గంప వైపే చూసింది. కొడుకు దగ్గరికి వచ్చి "ఏందమ్మా?" అన్నాడు.

"మీ నాయన ఉప్పెయ్యల్యా రా, క్రాంతీ" అన్నది.

ఆ మాట తన చెవులకే వినబడ్డాక ఆమెకు తెలిసింది. పొయ్యి పక్కకు జరిగి తను ఎవరికి దారి ఇచ్చిందో తెలిసింది. ఇక ఎప్పుడు జరిగినా ఆ జాగాలోకి ఎవరూ రారని తెలిసింది. మట్టి చేసిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఉన్నచోటే కూలబడి, గుండెలు బాదుకుని, పసిపిల్ల మాదిరి ఏడ్చింది. రాయి అన్నవాళ్లే వచ్చి పట్టుకున్నారు.

సాల్మన్ రాజు కళ్లు తుడుచుకుని "మంజులా, ఇంకోటి ఇటియ్యి మా" అని చెయ్యి చాచాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ చాచారు. ఆ చప్పటి సమోసాలను చివరిదాకా తిన్నారు. గంప అడుగు కనిపించింది. వాళ్లది మంచి మనసే, కాదనలేం. కానీ ఆ జాలి ఆమెకు ఉప్పు లేని కూర కంటే కష్టంగా దిగింది.

"వచ్చే ఏడు బేకరీకే చెప్పండి సారూ" అని తనే అన్నది. సాల్మన్ రాజు కాదనలేదు.

ఇంటికి వచ్చి కమలమ్మ పెరట్లోకి పోయింది. బండి మీద పట్ట లాగేసి, సామాన్ల మధ్య ఉప్పు డబ్బా తీసి మూత తిప్పింది. వానల చెమ్మ పట్టి, ఎండలకు ఆరి, ఉప్పంతా ఒకే గడ్డగా బిగిసిపోయి ఉంది. దాని నడుమ, చివరిసారి సుందరరాజు ఉప్పు తీసిన చోట, మూడు వేళ్ల గుంట అట్లాగే నిలిచి ఉంది.

ఆమె తన మూడు వేళ్లు అందులో పెట్టింది. గుంట ఆమె వేళ్లకు వదులైంది. ఆయన వేళ్లు లావు.

చాలాసేపు అట్లాగే ఉంచి, వేళ్లు తీసి, మూత బిగించి, డబ్బాను లోపలికి తెచ్చి దేవుని వాక్యం పెట్టుకునే గూట్లో పెట్టింది. కొడుకూ కోడలూ చూస్తున్నారు.

"దీని జోలికి ఎవురూ పోవాకండి" అన్నది.