ఊరమిరపకాయల సెట్టింగు

మా మేడ మీద రేకుల గదిలో ఒక యంత్రం ఉండేది. దాన్ని నేను రిగ్గు అనేదాన్ని. మా ఆయన 'ఆ సామాను' అనేవాడు. మా అత్త మాత్రం మొదటి రోజే దానికి పొయ్యి అని పేరు పెట్టింది, ఆ పేరే ఇంట్లో నిలిచింది. చెక్క చట్రానికి వరుసగా ఆరు గ్రాఫిక్స్ కార్డులు, ఒక్కోదానికి మూడేసి ఫ్యాన్లు, కింద ఒక మదర్‌బోర్డు, చుట్టూ వైర్లు. కడపలో ఎవరో గేమింగ్ సెంటరు మూసేస్తుంటే ఆ కార్డులు కొనుక్కొచ్చాను. రాయచోటి బస్టాండు దగ్గర నాకో చిన్న కంప్యూటర్ సెంటరు ఉంది. దరఖాస్తులు నింపడం, హాల్‌టికెట్లు ప్రింటు తీయడం, ఊళ్లోవాళ్లు మరిచిపోయిన పాస్‌వర్డులు నేను గుర్తుపెట్టుకోవడం, పగలంతా ఇదే పని. అవన్నీ ఊళ్లోవాళ్ల పనులు, నాకంటూ ఒక పని ఉండాలని ఈ క్రిప్టో మైనింగులో దిగాను.

మైనింగ్ అన్న మాట మా అత్తకు కొత్త కాదు. ఆమె పుట్టినూరు మంగంపేట పక్కనే, ముగ్గురాయి గనులు చూస్తూ పెరిగింది. కార్డులు వచ్చిన రోజు చట్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, "రాయి యాడుందమ్మీ?" అని అడిగింది. రాయి ఉండదు, ఇవి లెక్కలు చేస్తాయి, లెక్క కుదిరితే నాణెంలో మనకింత వాటా వస్తుంది అన్నాను. "ఆ నాణెం యాడుంది?" అంది. అది కూడా కనపడదు అన్నాను.

"రాయీ కనపడదు, నాణెమూ కనపడదు. ఉడుకు మాత్రం శానా ఉండాది," అని కిందికి దిగిపోయింది.

ఆ తర్వాత ఇన్నేళ్లలో ఈ విషయం మీద ఇంతకన్నా సరైన మాట నేనెక్కడా చదవలేదు. అయితే ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మొదట్లో పని సులువుగానే ఉండేది. అందరూ తవ్వే నాణెం ఒకటుండేది, దానికోసం కార్డుల్లో పెట్టాల్సిన అంకెలు అందరి దగ్గరా ఉండేవి. తర్వాత ఆ నాణెం వాళ్లు ఇక మాకు కార్డుల అవసరం లేదని పద్ధతే మార్చేశారు. నాలాంటి వాళ్లమంతా కొత్త నాణేలు, కొత్త అల్గారిథంల వెంట పడ్డాం. తంటా అక్కడే మొదలైంది. ఒక అల్గారిథం కార్డు మెమరీని పిండుతుంది, ఇంకొకటి మెమరీని ముట్టనే ముట్టకుండా, లెక్కలు చేసే కోర్‌ను పరిగెత్తిస్తుంది. సంగటికి పెట్టే మంట రొట్టెకు పెడితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. కోర్ వేగం ఎంత, మెమరీ వేగం ఎంత, కరెంటు ఎంతవరకు తాగనివ్వాలి, ఈ మూడంకెలూ ఒక ఫైల్లో రాసి, తవ్వే ప్రోగ్రామును, అదే మైనరును నడిపి, కాసేపు చూసి, ఆపి, ఒక అంకె మార్చి మళ్లీ నడపాలి. ఎక్కువ పెడితే కార్డు ఆగిపోతుంది, తక్కువ పెడితే ఊరికే తిరుగుతుంది.

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. ఒక్కో కార్డుకు కొన్ని పేజీలు. అయిదు కార్డులూ చెప్పినమాట వినేవి. మూడో కార్డు మాత్రం ఇంటికొచ్చిన చుట్టం మాదిరి, ఏం పెట్టినా ఏదో ఒకటి తక్కువైందని మొహం ముడుచుకునేది. దాని పేజీలే నోట్‌బుక్కులో సగం ఉంటాయి.

ఇప్పుడు మా అత్త సంగతి చెప్పాలి. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మా చర్చిలో ఏటా చలికాలంలో కోత పండుగ చేస్తారు. పొలమున్నవాళ్లు వేరుశనక్కాయలో కందులో తెస్తారు, లేనివాళ్లు కోడిపుంజునో, ఇంట్లో చేత్తో చేసిందేదో తెస్తారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటికి వేలం పాట. మా అత్త తెచ్చే ఊరమిరపకాయల జాడీ కోసం ఏటా పోటీ ఉండేది. రెండిళ్లవాళ్లు పట్టుబట్టి పాట పెంచుకుంటూ పోతుంటే, మా అత్త తనకేమీ పట్టనట్టు పాటల పుస్తకంలో తల దూర్చి కూర్చునేది. ఆ పుస్తకం తలకిందులుగా ఉన్న ఏడు కూడా నేను చూశాను.

నేను చెప్పబోయే పండుగకు ముందటేడు ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. పొగకూ ఎండకూ దూరంగా ఉండమన్నారు. అందుకని కాయలు నేను పెట్టాను. కొలవకుండా నేను ఏ పనీ చేయలేను, కొలిచి ఆమె ఏ పనీ చేయలేదు. ఉప్పెంత అత్తా అంటే "చాలినంత" అంది. నాకు చాలినంత వేశాను. పాటలో ఆ జాడీ గెలుచుకున్నవాళ్లు ఆ కాయల్ని నోట్లో పెట్టలేక ఎనుముల కుడితిలో కలిపేశారని వారం తిరక్కుండా అందరికీ తెలిసింది. తర్వాతి ఆదివారం చర్చి ఆవరణలో సంఘపెద్ద భార్య నవ్వుతూ, "ఏమక్కా, సముద్రం ముంచుకోనొచ్చినావా ఈసారి?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా అత్త, "కన్ను ఆనలేదు, చెయ్యి జారింది. నేనే ఏసినా ఉప్పు," అంది.

నేను ఆమె పక్కనే ఉన్నాను. కాదు, నేను వేశానని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడాదంతా జాడీ కనపడినప్పుడల్లా నాకు సిగ్గేసేది. అందుకే ఈసారి ఆ జాడీకి మళ్లీ పోటీ పడాలని, ఆమె పేరు ఆమెకు తిరిగి రావాలని ఆమెకన్నా నాకే ఎక్కువ పట్టుదలగా ఉండింది. ఆమె మాత్రం కాయలు కోసినప్పుడు, ఉప్పు కలిపినప్పుడు నన్ను వంటింట్లోకే రానివ్వలేదు. ఉప్పు డబ్బాను పై గూట్లో పెట్టి, "నువ్వు మేడమీదికి పో, నీ పొయ్యి చూసుకోపో," అంది.

కాయలు మజ్జిగలో వేసిన మర్నాడే ముసురు పట్టింది.

మా ఊళ్లో వానను తప్పుపట్టే అలవాటు ఎవరికీ లేదు. ఆ ఏడు వేరుశనగ ఎండిపోతుంటే చర్చిలో మూడు ఆదివారాలు వానకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. అందరికన్నా ముందు వరుసలో, అందరికన్నా గట్టిగా చేసింది మా అత్త. అప్పుడు రాని వాన చేను పీకేశాక వచ్చింది, వచ్చి పోనంది. ఊరమిరపకాయలు పగలు ఎండలో పెట్టి సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేయాలి. మూడు నాలుగు రోజులకు మజ్జిగంతా కాయ పీల్చుకుంటుంది, ఆపైన గలగలమనేదాకా ఎండాలి. పండుగ ఆదివారం. సోమవారం పొద్దునకి ఎండ లేదు, కాయలు బూజు పట్టేటట్టున్నాయి. వాన ఆగమని ప్రార్థన చేసుకోరాదా అన్నాను.

"ఏం మొగం పెట్టుకోని అడగాల? నెల దినాలు కావాల కావాల అని నేనే గదా ఏడ్చింది," అంది.

కాసేపటికి మెట్ల మీద చప్పుడైంది. ఒక చేత్తో చాట, ఒక చేత్తో పాత చీర పట్టుకుని ఆమె నా గదిలోకి వచ్చింది. వెనక మా ఆయన నులకమంచం మోసుకొస్తున్నాడు. నేను ఏమీ అనకముందే మంచం కార్డుల వెనక వేయించి, మీద చీర పరిచి, కాయలు ఆరబోసింది. కార్డుల్లోంచి వచ్చే వేడిగాలి నేరుగా వాటి మీదికి పోతోంది. ముందువైపు మాత్రం పెట్టొద్దు, ఉప్పు గాలి ఫ్యాన్లు లోపలికి పీల్చుకుంటాయని బతిమాలాను. సరే అంది. అని, పెనం కాగిందో లేదో చూసేటట్టు మూడో కార్డు మీద తడివేళ్లతో నీళ్లు చిలకరించబోయింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నది నా జీవితంలో ఆ ఒక్కసారే.

రెండు రోజుల్లో గదికంతా పుల్లమజ్జిగ వాసన పట్టింది. కాయలు మాత్రం ముడుచుకోవడం మొదలైంది. మా అత్త గంటకోసారి పైకొచ్చి తిప్పేది. మూడో కార్డు ఆగిపోతే మైనరు చెప్పడం కంటే ముందు ఆమే చెప్పేది. ఆ కార్డు ఎదుటి కాయలు చల్లబడేవి. "మూడోది అలిగినాది చూడమ్మీ," అని మేడమీది నుంచే కేకేసేది. నేను సాఫ్ట్‌వేరులో పెట్టుకున్న హెచ్చరికలన్నీ తీసేసినా నష్టం లేకపోయింది.

బుధవారం పొద్దున నా బుర్రకు ఒక సంగతి తట్టింది. ఇన్ని వారాలుగా నేను కొత్త అల్గారిథాన్ని పాత నాణెం అలవాటుతో నడుపుతున్నాను. అప్పుడు మెమరీని ఎంత పరిగెత్తిస్తే అంత లాభం. ఈ కొత్తదానికి మెమరీతో పనే లేదు. అయినా నేను చేతి అలవాటుకొద్దీ దాన్ని పైకే పెడుతున్నాను. ఊరికే వేడి తప్ప దానివల్ల ఒరిగింది లేదు. మెమరీ వేగాన్ని అడుగుకు దించాను. కోర్ వేగాన్ని ఒక అంకె దగ్గర కట్టేశాను. కరెంటు బాగా తగ్గించాను. లెక్కల వేగం ఇసుమంతైనా తగ్గలేదు. కార్డులు చల్లబడ్డాయి, ఫ్యాన్లు మెల్లగా తిరిగాయి, మూడోది కూడా బుద్ధిగా కూర్చుంది. ఆరింటికీ అదే పెట్టి, నోట్‌బుక్కులో ఆ అంకెల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, ఏనుగెక్కినంత సంబరంగా సెంటరుకు పోయాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్త మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది. మెత్తగా, చల్లగా, జిగటగా ఉంది.

"పొయ్యి ఆరిపోయినట్లుండాది," అంది.

ఆరలేదు, ఇప్పుడే బాగా నడుస్తోందని తెర చూపించాను. వేగం చూపించాను, వేడి తగ్గిన అంకె చూపించాను. ఎర్ర గీత కూడా చూపించాను. ఆమె అన్నీ ఓపిగ్గా చూసింది.

"నీ లెక్క బాగుండాది. నా కాయ తడిగా ఉండాది," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఓడిపోయినట్టుంది, అది నేను తట్టుకోలేకపోయాను.

నెలల తరబడి వెతికిన అంకెల్ని ఆ నిమిషంలోనే తీసేశాను. నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పి పైన 'మిరపకాయలు' అని రాశాను. అప్పటిదాకా ఏమేం చేయకూడదని నేర్చుకున్నానో అవన్నీ వరుసగా చేశాను. మెమరీ పైకి, కోర్ పైకి, కరెంటు తాగినంత. చాలక, మైనింగ్ చేసేవాళ్ల గ్రూపులో అన్ని కార్డులూ ఎక్కువ వేడెక్కాలంటే ఏం చేయాలని అడిగాను. అక్కడ ఆ ప్రశ్న వేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మీ ఊళ్లో మంచు పడుతుందా అని ఎవరో అడిగారు. నాది రాయచోటి అని రాస్తే, తెలుగువాడెవడో పగలబడి నవ్వే బొమ్మలు వరుసగా పెట్టాడు.

గురువారం, శుక్రవారం నేను సెంటరు తెరవలేదు. మా అత్త కాయలు తిప్పుతుంటే నేను అంకెలు తిప్పాను. రేకుల గదిలో ఇద్దరం చెమటలు కక్కుకుంటూ, మూడోది ఆగినప్పుడల్లా లేపుతూ కూర్చున్నాం. ఆమె తన పెళ్లినాటి సంగతులు చెప్పింది. తను మొదటిసారి పెట్టిన సంగటిని వాళ్లత్త కుక్కకేస్తే కుక్క వాసన చూసి వెళ్లిపోయిందట. అది చెప్పి తనే చాలాసేపు నవ్వింది. అన్నేళ్లలో మేమిద్దరం అంతసేపు ఒక్కచోట కూర్చున్నది అప్పుడే.

శనివారం మధ్యాహ్నం మూడో కార్డు పోయింది. చిన్న టప్‌మన్న చప్పుడు, కాలిన వాసన, అంతే. ఎన్ని నెలలు దానికి ఊడిగం చేశానో తలుచుకుని నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మా అత్త ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"పాపం, పని ముగించే పోయింది," అని నా వీపు మీద చెయ్యి వేసింది.

ఆదివారం కూడా తుంపర పడుతూనే ఉంది. వేలం పాట చర్చి వరండాలోనే పెట్టారు. గుమ్మడికాయ అయింది, కోడిపుంజు అయింది. సంఘపెద్ద మా జాడీ ఎత్తి, పోయినేటి సంగతి గుర్తొచ్చిందేమో, మూత తీసి ఒక కాయ కొరికి చూశాడు. ఆయన మెల్లగా నమిలి, ఇంకో కాయ తీసుకున్నాడు. రెండిళ్లవాళ్లూ ఒకేసారి పాట మొదలుపెట్టారు.

మా అత్త పాటల పుస్తకం తెరవబోతుంటే సంఘపెద్ద భార్య పక్కకొచ్చి కూర్చుంది. "ఇన్ని దినాలనుంచి ఎండ మొగమే చూడలేదు. యాడ ఎండబెట్టినావక్కా? ఉప్పు గూడా సరింగా ఉండాదంట," అంది.

"నేనేం చేసినా? అంతా నా కోడలే. ఉప్పు గూడా ఆమే ఏసింది," అంది మా అత్త.

ఆ ఏడు ఆమె నన్ను ఆ ఉప్పు డబ్బా దరిదాపులకు కూడా రానివ్వలేదు. అబద్ధమాడితే నాలుకకు వాత పెడతానని పిల్లల్ని బెదిరించే మనిషి, ఆదివారం పూట, అదే చర్చిలో, అదే మనిషికి రెండేళ్లు వరసగా రెండబద్ధాలు చెప్పింది. రెండూ నాకోసమే. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఒళ్లోని పాటల పుస్తకం తీసుకుని నేనే అందులో తల దూర్చాను. అది నిటారుగా ఉందో తలకిందులుగా ఉందో చూసుకోలేదు.